కొలువు కోసం ఎదురుచూడాలా, వెతకాలా?

వికారాబాద్, తాండూరు పట్టణాల్లో డిగ్రీ పూర్తయిన పిల్లలున్న ఇళ్లలో ఒక వాదన తెగకుండా సాగుతోంది. సర్కారు నోటిఫికేషన్ కోసం చదువుతూ కూర్చోవాలా, ఊళ్లో దొరికిన పనిలో చేరాలా, హైదరాబాద్ వెళ్లి వెతుక్కోవాలా? ఈ రెండు పట్టణాలనూ కలుపుతూ లింగంపల్లి మీదుగా సికింద్రాబాద్ చేరే రైలుమార్గం 1874 నాటిది. నాపరాళ్ల ఊరు తాండూరు నుంచి రాజధానికి ఇప్పుడు రోజూ విద్యార్థులను, ఉద్యోగులను అదే మోస్తోంది. ఆ దారి మీద వినిపించే రెండు పక్షాలను అక్కాతమ్ముళ్ల మాటల్లో పెడుతున్నాను. అక్క వికారాబాద్‌లో బీకాం చదివి, తాండూరు పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాసి, ఇప్పుడు లింగంపల్లి దగ్గర ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తోంది. తమ్ముడు బీఎస్సీ కెమిస్ట్రీ ముగించి, తాండూరులో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. ఇద్దరూ ఏ ఒక్క ఇంటి మనుషులూ కారు, ఇక్కడి చాలా ఇళ్ల మనుషులు.

తమ్ముడు: నాన్న నీకు ఫోన్ చేసిండని నాకు తెల్సు అక్కా. నా మనసు మార్చమన్నడు గదా? ముందే చెప్తున్న, చదువు ఇడిచిపెట్టి ప్రైవేట్ నౌకరీకి పోయేది లేదు.

అక్క: ఇడిచిపెట్టమనే మాట నా నోట రాదు తమ్మీ. ఒక్కటే అడుగుత. ఎప్పటిదాకా చదువుతవ్?

తమ్ముడు: కొలువు వచ్చేదాకా.

అక్క: నాకు నచ్చనిది గా మాటే. దానికి తారీఖు లేదు. ఇరవై రెండేండ్లప్పుడు అదే అన్నవ్, ఇరవై నాలుగుకు అదే అంటున్నవ్. ఇరవై తొమ్మిదికి కూడ అదే అనొచ్చు, ఎవరూ ఆపరు.

తమ్ముడు: నేనేమన్న గాలికి తిరుగుతున్ననా? సర్కారు పరీక్షల ఒక న్యాయం ఉన్నది. పేపర్ దిద్దేటోనికి మా నాన్న ఏం పని చేస్తడో తెల్వది, నేను ఏ కాలేజీల చదివిన్నో తెల్వది. 2024ల డీఎస్సీ చూడు. ఫిబ్రవరి ఆఖర్ల నోటిఫికేషన్, 11,062 పోస్టులు, అక్టోబర్ల నియామక పత్రాలు. ఎనిమిది నెలలల అయిపోయింది. అండ్ల జిల్లా, జోన్ పోస్టులల 95 శాతం లోకల్ వాళ్లకే. 2018ల మన జిల్లాను జోగుళాంబ జోన్‌ల వేస్తే కొట్లాడి, 2021ల చార్మినార్ జోన్‌లకు మార్పిచ్చుకున్నం. ఎందుకోసం కొట్లాడినం? గీ కొలువుల కోసమే గదా?

అక్క: ఒప్పుకుంట. అయితే నువ్వు ఒక్క డీఎస్సీనే చెప్తున్నవ్, మిగిలినయి నేను చెప్త. గ్రూప్-1, 503 పోస్టులు, 2022 ఏప్రిల్‌ల నోటిఫికేషన్. అక్టోబర్‌ల ప్రిలిమ్స్ అయింది, పేపర్ లీకయి 2023 మార్చిల రద్దయింది. జూన్‌ల మల్ల పెట్టిన్రు, సెప్టెంబర్‌ల హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిల పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులకు కొత్తది ఇచ్చిన్రు. నియామక పత్రాలు చేతికొచ్చేసరికి 2025 సెప్టెంబర్. మొదటిసారి దరఖాస్తు పెట్టినోనికి మూడేండ్ల మీద అయిదు నెలలు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌ల వస్తే పరీక్ష జరిగింది 2024 డిసెంబర్‌ల.

తమ్ముడు: అండ్ల మా తప్పేమున్నది?

అక్క: రవ్వంత కూడ లేదు. నీ తప్పు లేకుండనే నీ ఏండ్లు పోతున్నయ్, నా బాధ అదే. 2023 జులై 1న గ్రూప్-4 రాసినవ్ గదా. ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిది లక్షల పైచిలుకు దరఖాస్తులు. ఒక్క కుర్చీకి నూరు మంది కన్న ఎక్కువ. బాగ చదివినోళ్లు కూడ అండ్ల మిగిలిపోతరు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో, కోర్టు ఏమంటదో నీ చేతుల లేదు. నీ చేతుల ఉన్నది నీ వారం ఒక్కటే. దాన్ని ఎట్ల వాడుతున్నవో చెప్పు.

తమ్ముడు: సరే, వెతుకుదాం అనుకో. నా దోస్తు ఒకడు ఒక్క రాత్రిల ఫోన్ మీద నూరు కంపెనీలకు పెట్టిండు. ఒక్క జవాబు రాలే. ప్రైవేట్‌ల సిఫారసు లేనిది పనికాదు. నీ ప్రణాళికలు పెద్ద కాలేజీ పిల్లలకు నడుస్తయ్, మనకు కాదు.

అక్క: నూరు కంపెనీలకు ఒక్కటే రెజ్యూమె పోయింది గదా? ఎవనికి ఎసొంటి మనిషి కావాలెనో చూడకుండ పంపితే దాన్ని వెతుకుడు అంటరా? నీది ఉంటే తియ్యి, చూద్దాం.

తమ్ముడు: ఉన్నది. జిరాక్స్ సెంటర్ల చేపిచ్చిన. రెండు పేజీలు.

అక్క: మొదటి పేజీ మీద "కెరీర్ ఆబ్జెక్టివ్" అని నాలుగు వరుసలు. అది ఆ సెంటర్ల అందరికీ కొట్టిచ్చేదే. దాని కింద తండ్రి పేరు, మతం, పెండ్లి అయిందా లేదా, హాబీలు. ఇండ్ల నువ్వు ఏం చెయ్యగలవో ఒక్క ముక్క లేదు. కంది సీజన్ల మార్కెట్ యార్డుల అడ్తి దుకాణంల కూసున్నవ్ గదా, అక్కడ ఏం పని చేసినవ్?

తమ్ముడు: తక్‌పట్టీలు రాసిన. సంచుల లెక్క, తూకం, హమాలీ కోత, రైతుకు పోయే పైసలు. అదేం ఉద్యోగమా అక్కా, దాన్ని రెజ్యూమెల రాస్తరా?

అక్క: రాస్తరు. తాండూరు కందికి 2022 డిసెంబర్‌ల జీఐ గుర్తింపు వచ్చింది. గసొంటి పంట అమ్ముడయ్యే యార్డుల రెండు సీజన్లు లెక్క తప్పకుండ, రైతుతోని, వ్యాపారితోని మాట పడకుండ పని చేసినవ్. అది రాయి. కాలేజీ ల్యాబ్‌ల నీళ్ల గట్టితనం టైట్రేషన్ చేసినవ్, అది రాయి. మతం, హాబీలు తీసెయ్యి. ఒక్క పేజీ చాలు. కెమిస్ట్రీ చదివినోడు ఎవరికి కావాలెనో ఇప్పుడు చూడు. కరన్‌కోట్‌ల కేంద్ర సర్కారు సీసీఐ సిమెంట్ ఫ్యాక్టరీ ఉన్నది. మల్కాపూర్‌ల ఇండియా సిమెంట్స్, ఇంకో దిక్కు పెన్నా. 2024ల పెన్నాను అంబుజా, ఇండియా సిమెంట్స్‌ను అల్ట్రాటెక్ తీసుకున్నయ్. ఊళ్లె ఇంక పాత పేర్లతోనే పిలుస్తున్నరు, నువ్వు మాత్రం కొత్త కంపెనీల వెబ్‌సైట్లు కూడ చూడాలె.

తమ్ముడు: నాన్న ఏండ్లకేండ్లు నాపరాయి గనులల దుమ్ము తిన్నడు. ఇప్పటికీ పొద్దుగాల దగ్గుతనే లేస్తడు. నన్ను మల్ల గదే దుమ్ములకు పంపుతవా? అందుకేనా అమ్మానాన్న నన్ను చదివిచ్చింది?

అక్క: నీ మాటల బరువున్నది, దాన్ని నేను కొట్టెయ్య. అయితే గని వేరు, ల్యాబ్ వేరు. ల్యాబ్‌ల సున్నపురాయి శాంపిల్ పొడి చేసి అండ్ల కాల్షియం ఎంతున్నదో చూస్తరు. ఎక్స్‌రే మిషన్ మీద ఒకపారి, టైట్రేషన్‌తోని ఒకపారి. సిమెంట్ ఎంత మెత్తగున్నదో బ్లెయిన్ పరీక్ష చేస్తరు. క్యూబులు పోసి 3, 7, 28 రోజులకు పగలగొట్టి బలం కొలుస్తరు. నువ్వు చదివిన చదువే అక్కడ పని. దుమ్ము లేదని అనను, అక్కడ పనిచేసేటోళ్లను అడిగి తెలుసుకోవాలె. ఇంకోటి కూడ అడుగు. కంపెనీ రోల్స్ మీద తీసుకుంటరా, కాంట్రాక్టర్ కిందనా? నియామక పత్రం ఇస్తరా, పీఎఫ్ కడతరా? జీతం 21,000 లోపల ఉంటే ఈఎస్‌ఐ ఉన్నదా? జవాబు సక్కగ రాకుంటే వద్దను. నచ్చని కొలువును వద్దనే ధైర్యం కూడ వెతుకుట్ల భాగమే.

తమ్ముడు: సిమెంట్ల ఖాళీ లేదంటే?

అక్క: పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల మందుల కంపెనీలు క్వాలిటీ కంట్రోల్‌కు కెమిస్ట్రీ వాళ్లనే తీసుకుంటయ్. వాక్-ఇన్‌లు పెడతయ్, పేపర్ల, ఆన్‌లైన్ల ప్రకటనలు వస్తయ్. ప్రకటనల "ఫ్రెషర్స్" అని ఉంటేనే పో, మూడేండ్ల అనుభవం అడిగినకాడికి పోయి చార్జీలు పారేసుకోకు.

తమ్ముడు: పో అనుడు అల్కగనే ఉంటది. 2025 నవంబర్ 3 మర్చిపోయినవా? పొద్దుగాల తాండూరు నుంచి పట్నం పోతున్న బస్సును మీర్జాగూడ కాడ కంకర టిప్పర్ గుద్దింది. 19 మంది పానాలు పోయినయ్. కాలేజీలకు పోయే మన పిల్లలు కూడ ఉండిరి అండ్ల. ఒక్కో ఇంటర్వ్యూకు గా రోడ్డు మీద పోయి రావాల్నా?

అక్క: మర్చిపోలే. ఆ వారం మా ఆఫీసుల ఎవరితోని మాట్లాడినా నాకు ఏడుపే వచ్చింది. గా రోడ్డు బాగుచెయ్యాలెనని అడుగుడు మనందరి పని. అది అయ్యేదాక ప్రయాణాన్ని కూడ లెక్కల పెట్టుకోవాలె. మొదటి మాట ఫోన్ మీదనో వీడియోల్నో అయితదా అని అడుగు, చానమంది ఒప్పుకుంటరు. పోవాల్సొస్తే రైలెక్కు. ఒక్క రోజుల రెండు పనులు పెట్టుకో, పొద్దుగాల వాక్-ఇన్ ఉంటే మధ్యాహ్నం ఆ దిక్కున్న సీనియర్‌ను కలువు. కొలువు వచ్చినంక నెల పాస్ తీసుకోవచ్చు, నేను చేస్తున్నది అదే. నా రోజుల నాలుగు గంటలు రైలుకు పోతయ్, సులువని అబద్ధం చెప్ప.

తమ్ముడు: సీనియర్‌ను కలువు అన్నవ్. అంటే సిఫారసే గదా? ఇగ నాకు నీకు తేడా ఏమున్నది?

అక్క: నేను ఎవరినీ "నాకు కొలువు ఇప్పియ్యి" అని అడగలే. పాలిషింగ్ యూనిట్ల ఉన్నప్పుడు లారీకి రాయి ఎక్కంగనే బిల్లు, సరుకు 50,000 దాటితే ఈ-వే బిల్లు, నెలాఖరుకు జీఎస్టీ రిటర్న్. ఆ పని చేసుకుంటనే మా కాలేజీ సీనియర్‌ను ఒకామెను అడిగిన, "మీ ఆఫీసుల కొత్తోళ్లు మొదటి నెలల ఏ పని కాడ తడబడతరు?" అని. ఎక్సెల్ల రెండు లెక్కలు సరిపోల్చుడు కాడ అన్నది. నేను గదే నేర్చుకున్న. ఖాళీ పడ్డప్పుడు ఆమెనే ఫోన్ చేసింది. సిఫారసుకు పలుకుబడి కావాలె. గీ సమాచారం అడగనీకె మర్యాద చాలు. మీ కాలేజీల నీకన్న ముందు పాసైనోళ్లు ఎక్కడెక్కడ చేస్తున్నరో పది పేర్లు రాయగల్తవా?

తమ్ముడు: ముగ్గురు తెల్సు. మిగిలినోళ్లు సార్లకు తెల్సి ఉండొచ్చు.

అక్క: అయితే మొదటి వారం పని అదే.

తమ్ముడు: ఆగు. రెండు పడవల మీద కాళ్లు పెట్టమంటున్నవ్. పొద్దంత చదివితేనే సిలబస్ అయితలేదు. సగం వెతికి సగం చదివితే రెండూ పోతయ్. గ్రూప్స్ కొట్టినోళ్లంత గదిల తలుపేసుకొని చదివినోళ్లే.

అక్క: తలుపేసుకొని చదివీ రానోళ్లు ఎంతమందో నువ్వు లెక్కపెట్టలే, వాళ్ల ఇంటర్వ్యూ ఎవరూ వెయ్యరు. మన దిక్కు రైతు కంది వేసి, సాళ్ల నడుమ పెసర వేస్తడు. పెసర ముందు చేతికొస్తది, ఆ పైసలతోని కంది దాక ఆగుతడు. కందిని ఇడిచిపెట్టినట్టు కాదు గదా! పొద్దుగాల ఐదు గంటలు నీ చదువే, ఎవరూ ముట్టరు. మధ్యాహ్నం రెండు గంటలు వెతుకులాట. మాపటీలి మల్ల చదువు. ఇప్పుడు నువ్వు గ్రూప్స్, రైల్వే, ఎస్‌ఎస్‌సీ, పోలీస్ అన్నిటికీ పెడుతున్నవ్. సిలబస్ కలిసే రెండింటిని పట్టుకో, మిగిలినయి ఇడువు. గా రెండు గంటలు అక్కడ్నే మిగుల్తయ్.

తమ్ముడు: రెండు గంటలల ఏం చేస్తం?

అక్క: ఒక నోటుబుక్కు. కంపెనీ పేరు, ఏ పోస్టు, ఎప్పుడు పెట్టినవ్, ఎవరితోని మాట్లాడినవ్, ఏమన్నరు, మల్ల ఎప్పుడు అడగాలె. సోమవారం, మంగళవారం ప్రకటనలు చూసి అయిదింటికి మించకుండ పెట్టు. ఒక్కోదానికి రెజ్యూమెల పై వరుసలు ఆ పోస్టుకు తగ్గట్టు మార్చు. బుధవారం ఇద్దరు సీనియర్లకు ఫోన్. గురు, శుక్రవారాలు నేర్చుకునుడు: ఎక్సెల్, హెచ్‌పీఎల్‌సీ మిషన్ ఎట్ల పనిచేస్తదో, నీ టైట్రేషన్‌ను ఇంగ్లిష్‌ల రెండు నిమిషాలు చెప్పుడు. అద్దం ముందట కాదు, నాకు ఫోన్ చేసి చెప్పు. శనివారం పాత దరఖాస్తులను మల్ల అడుగుడు. సర్కారుయే నేషనల్ కెరీర్ సర్వీస్, తెలంగాణ డీట్ పోర్టళ్లు ఉన్నయ్, వాటిల పేరు రాసుకో. మీ కాలేజీకి రాష్ట్ర సర్కారు టాస్క్ శిక్షణ ఉన్నదా అని సార్‌ను అడుగు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉన్నది. డిగ్రీ వాళ్లకు నాట్స్ పథకం కింద ఏడాది శిక్షణ, స్టైపెండ్ వస్తది. ఫ్యాక్టరీ గేటు లోపలికి పోనీకె అదొక తొవ్వ.

తమ్ముడు: ఇంతకు ముందు ఒకపారి పోర్టల్ల పేరు రాస్తే తెల్లారే నాకు ఫోన్ వచ్చింది. కొలువు ఖాయం, రిజిస్ట్రేషన్‌కు మూడు వేలు కట్టుమన్నరు.

అక్క: కట్టలే గదా? కొలువు ఇచ్చేటోడు జీతం ఇస్తడు, పైసలు అడగడు. రిజిస్ట్రేషన్, లాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, ఏ పేరుతోని అడిగినా ఫోన్ పెట్టెయ్యి. పైసలు పోతే అదే గంటల సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చెయ్యాలె. సర్కారు కొలువు లోపల్నుంచి ఇప్పిస్తనని తిరిగే దళారి కూడ గీ జాతోడే. గల్ఫ్ కొలువైతే ఏజెంటుకు లైసెన్స్ ఉన్నదా లేదా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ల చూడకుండ పాస్‌పోర్ట్ చేతికియ్యొద్దు.

తమ్ముడు: సరే అక్కా, ఇగ నా దిక్కు నుంచి ఒకటి అడుగుత. గిదంత చేసినా రాకుంటే? గప్పుడు నాది సోమరితనమే అంటరా అందరు?

అక్క: అట్ల అన్నోనితోని నేను కొట్లాడుత. అందుకే నోటుబుక్కు. నెలకొకసారి దాన్ని ముందటేసుకుందాం. ఎవరూ పిలవలేదంటే లోపం రెజ్యూమెలనో, ఎంచుకున్న పోస్టులలనో ఉన్నది. పిలిచి తీసుకోలేదంటే మాట్లాడుట్ల ఉన్నది. తీసుకుంటమన్నా జీతం కాడ తెగలేదంటే, హాస్టల్ కిరాయి, తిండి, చార్జీలు రాసుకొని కనీసం ఎంత కావాలెనో ముందే తేల్చుకోవాలె. ఎక్కడ ఆగిందో తెలిస్తే అక్కడ్నే సవరిస్తం. ఊరికె "రాలే" అనుకుంటే మనిషి కుంగిపోతడు.

తమ్ముడు: నా షరతులు కూడ రాయి మరి. పరీక్ష తారీఖు పడితే నెల రోజుల ముందు నుంచి వెతుకులాట బంద్. చేరిన కంపెనీల రాత్రి షిఫ్టులే ఉండి చదువు సాగకుంటే మారుత. ఇంట్ల ఎవరూ రోజూ "వచ్చిందా?" అని అడగొద్దు.

అక్క: ఒప్పుకున్న. నా షరతు ఒక్కటే. వచ్చే ఉగాది నాటికి నీ చేతుల ఏదో ఒక పని ఉండాలె, అప్రెంటిస్ అయినా సరే. ఆ తర్వాత ఎన్ని పరీక్షలన్న రాయి.

తమ్ముడు: ఉగాదికి ఒప్పుకుంట. కానీ సర్కారు కొలువు మీద ఆశ మాత్రం ఇడువ.

అక్క: నేను ఇడువమనలే. నాన్నకు కూడ గదే చెప్త.

ఈ సంవాదంలో తమ్ముడు ఓడిపోలేదు. దిద్దేవారికి పేరు కనిపించని పరీక్షను నమ్ముకోవడం పేదింటి పిల్లవాడికి తెలివైన నిర్ణయమే. ఆ నమ్మకాన్ని నిలబెట్టాల్సింది సర్కారు. 2024 ఆగస్టులో శాసనసభలో ప్రకటించినటువంటి జాబ్ క్యాలెండర్లలోని తేదీలు తేదీలుగా నిలవకపోతే వయసు కరిగిపోయేది పిల్లలదే. అయినా తీర్పు చెప్పమంటే నేను అక్క పక్షానే నిలబడతాను. గడువు లేని ఎదురుచూపు ఎంత నిజాయితీగా సాగినా ప్రణాళిక అనిపించుకోదు. ఏ పని చేయగలను, అది ఎవరికి కావాలి, అక్కడ ఎవరిని అడగాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసుకున్నవారే నిజంగా వెతుకుతున్నవారు.

రెండు పట్టణాల కాలేజీలకు ఒక విన్నపం. గత అయిదేళ్లలో మీ దగ్గర చదివినవారు ఇప్పుడు ఏ పనుల్లో ఉన్నారో, వారి అనుమతితో, ఒక జాబితా చేసి నోటీసు బోర్డులో పెట్టండి. ఖర్చులేని పని అది, కింది తరగతుల పిల్లలకు అంతకు మించిన దారిచూపు ఉండదు. తల్లిదండ్రులారా, "ఉద్యోగం వచ్చిందా?" అని రోజూ అడగడం మానండి. వారానికొకసారి పక్కన కూర్చుని, ఈ వారం ఎవరితో మాట్లాడావో, ఏం తెలిసిందో చెప్పమనండి. చదువుకునే పిల్లలారా, మీ పుస్తకాలు మీ దగ్గరే ఉంచుకోండి. వాటి పక్కన రేపటి నుంచి ఒక నోటుబుక్కు కూడా పెట్టుకుని, మొదటి పేజీలో గడువు తేదీ రాయండి.